పసుపు పడ్డ డ్రమ్ము

మామిడికాయ సంగతి తెలుసుకోవడానికి నూజివీడు నుంచి విజయనగరం వెళ్తున్నానంటే మా వీధిలో అందరూ నవ్వారు. "మన దగ్గర లేని కాయ అక్కడేం కాసిందమ్మా?" అని పాలు పోసే ఆయన కూడా అడిగాడు. నేను వెళ్ళేది కాయ కోసం కాదు, కాయకి పట్టించే బ్యాక్టీరియా కోసం అంటే ఇంకా నవ్వుతాడని ఊరుకున్నాను.

మా తమ్ముడి తోటలో కిందటేడు కాయ కోసేటప్పుడు నిగనిగలాడింది. పండేసరికి ఒళ్ళంతా నల్లమచ్చలు, ముచ్చిక దగ్గర మెత్తగా కుళ్ళు. ఆ బూజు చెట్టు మీదున్నప్పుడే తొక్కలోకి దూరి నక్కి కూర్చుంటుందట. కాయ పండే సమయానికి లేస్తుంది. విజయనగరంలో కాలేజీలో పాఠాలు చెప్పే సుశీల నాకు చిన్నప్పటి స్నేహితురాలు. మంచి బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో కాయ ముంచితే ఆ బూజు లేవదని, ఈసారి అక్కడో తోటలో చేసి చూస్తున్నామని ఫోన్లో చెప్పింది. "నువ్వెలాగూ ఇంట్లో ఒక పూట కుదురుగా ఉండవు కదక్కా, వెళ్ళి చూసిరా. మన కోత మొదలయ్యేలోపు సంగతేంటో చెప్పు," అన్నాడు తమ్ముడు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఆలోచించకుండా ఆ సాయంత్రమే సంచి సర్దేశాను.

విజయనగరం

"ఏటమ్మా, ఎక్కడికెల్లాల?" అన్నాడు ఆటో అబ్బాయి. ఆ 'ఏటి' చెవిన పడగానే ఊరు మారిందని తెలిసింది. కోట పక్కనుంచి వెళ్తున్నంతసేపూ ఆగి చూడాలని ఉంది, ఆగితే ఆలస్యమవుతుందనీ ఉంది. చివరికి ఆగలేదు, చూడనూ లేదు. నా ప్రయాణాలన్నీ దాదాపు ఇంతే.

దారిలో ఒక బండి దగ్గర ముప్పై రూపాయలకి ఇడ్లీ తిన్నాను. మా వైపు కొబ్బరి చట్నీ గిన్నెలో పోస్తారు. ఇక్కడ బొంబాయి చట్నీ ఇడ్లీ మునిగేలా పోసి, "సాలా, ఇంకా ఎయ్యనా?" అని అడిగారు. చాలన్నాక ఇంకో గరిటె వేశారు.

కాలేజీలో సుశీల నాకు రెండు సీసాలు చూపించింది. లోపలున్నది పలచటి గంజిలా ఉంది, పులిసిన ఇడ్లీ పిండి వాసన. నేను ఏదో ఊహించుకుని వచ్చాను, కాస్త నీరసం వచ్చింది.

"ఇదేనా?"

"ఇదే. మట్టిలో ఉండేదే, ఎవరికీ హాని చెయ్యదు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకుంటాం చూడు, ఇది కాయ మీద అలా ముందే చోటు పట్టేస్తుంది. బూజుకి తిండి దొరకనివ్వదు. దాని మీద తనూ ఏదో విషం వదులుతుంది. కానీ ఇవి బతికుండాలి, అదీ సంగతి. వేడినీళ్ళు తగలకూడదు, కుళాయి నీళ్ళు వద్దు, బ్లీచింగ్ వాసన కూడా పడదు. బావినీళ్ళే వాడమన్నాను. అందులో మరే మందూ కలపొద్దని వాళ్ళకి నాలుగుసార్లు చెప్పాను."

డ్రమ్ముకి ఒక సీసా చొప్పున రెండు డ్రమ్ములకి సరిపోతుంది. మళ్ళీ పెంచాలంటే టైము పడుతుంది, కోత ఆగదు. అందుకని ఆ సీసాలని తడిగుడ్డ చుట్టిన సంచిలో పెట్టి నా ఒళ్ళో కూర్చోబెట్టి, తనకి క్లాసులున్నాయని నన్నే ఆటోలో పంపింది. తోట దాకా వాటిని పసిపిల్లల్లా పట్టుకున్నాను. కాలు మీద కాలు వేసుకోవడానికి కూడా భయమే.

తోటలో

తోట గుత్తకు చేస్తున్నది అప్పలనర్సమ్మ, ఆమె భర్త సన్నాసిరావు. అతను చిక్కం కట్టిన గెడతో సువర్ణరేఖ కాయ దించుతున్నాడు. వీళ్ళు దాన్ని సుందరి అంటారు. పచ్చిగా ఉన్నప్పుడే భుజం దగ్గర ఎర్రగా కందినట్టుంటుంది. మా బంగినపల్లికి లేని సోకు దీనికుంది, ఒప్పుకోక తప్పదు.

నర్సమ్మ నాకు చోడి అంబలి ఇచ్చింది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. మా వైపు రాగిజావ అంటాం, జబ్బుచేస్తే తాగుతాం. ఇక్కడ పనికి వెళ్ళేవాళ్ళు తాగుతారు. ముంత అందిస్తుంటే ఆమె చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా పొరలు లేచిన ఆనవాళ్ళు, గోళ్ళు నల్లబడి ఉన్నాయి.

"మందు నీల్లప్పా," అంది నేను చూడటం గమనించి. ఇక్కడ అక్కని అప్ప అంటారు. "కాయకి మచ్చ రాకుండా ఏటేటో మందు నీల్లల్లో ముంచీవోల్లం. సీజనంతా సెంచాతోనే తిన్నాను. ఓపాలి మా అత్తే కలిపి ముద్దలు పెట్టింది. పెళ్ళై ఇన్నేళ్ళకి, సిగ్గేసింది నాకు."

"గ్లవ్స్ తొడుక్కోలేకపోయావా?"

"తొడుక్కున్నాను. కాయ జారిపోతాది, నీల్లేమో లోనకి పోతాయి. ఇంకా మంట."

అంత చేసినా కిందటేడు కాయ నిలవలేదు. నరసన్నపేట షావుకారు ఈసారి ఖచ్చితంగా చెప్పేశాడట, ఇంకోసారి మచ్చలొస్తే ఈ తోట కాయ తీసుకోనని. ఆయన వద్దంటే గుత్త వదులుకోవాలి. వదులుకోకూడదంటే ఇంకా ఘాటు మందులో చేతులు పెట్టాలి. అప్పుడు సుశీల ఈ సీసాల సంగతి చెప్పిందనీ, సరే అన్నాననీ నర్సమ్మ చెప్పింది. ఆమె దాన్ని చాలా మామూలుగా చెప్పింది గాని, నాకు ముంత కింద పెట్టాక కూడా కూర్చోబుద్ధి కాలేదు.

రెండు నీలం డ్రమ్ముల్లో బావినీళ్ళు నింపారు. సీసాలు నేనే వంపాను. వలబుట్టలో కాయలు ముంచి, కాసేపుంచి, తీసి నీడలో గోనెల మీద ఆరబెట్టాలి. నర్సమ్మ మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి పని చేస్తుంటే, ఆమె అత్త పోలమ్మ పక్కన నిలబడి చూస్తోంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తోంది. అడ్డపొగ అని విన్నాను గాని కళ్ళారా చూడటం అదే మొదలు. నాలిక కాలదా అని అడుగుదామనుకుని, ఆవిడ చూపు చూసి మానుకున్నాను.

మొదటి డ్రమ్ము కాయంతా అయిపోయింది. నేను ఊరికే ఉండలేక ఆరబెట్టిన కాయల మధ్య తిరుగుతున్నాను. ముచ్చికల దగ్గర పచ్చగా ఏదో పేరుకుని కనిపించింది. గోనె మీద కూడా పసుపు చారలు. వేలితో తీసి వాసన చూశాను.

"నర్సమ్మా, ఇది పసుపు."

నీలం డ్రమ్ములో, ఆ గంజినీళ్ళలో రంగు తేడా ఇద్దరికీ తెలియలేదు. ఆమె ఇప్పుడు లోపలికి వంగి చూసింది. తర్వాత అత్త వైపు తిరిగింది. "అత్తా, ఏటి కలిపినావు?"

పోలమ్మ చుట్ట తీసింది. "పసుపే. మందు కలపొద్దన్నారు గాని, పసుపు ఎయ్యొద్దని ఎవులూ సెప్పనేదు. పసుపు మందేటి?"

"ఏల ఏసినావు?"

ఆవిడ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని పశువుల వైపు వెళ్ళిపోయింది. శుభానికి వేసి ఉంటుందనుకున్నాను. కొత్త పని మొదలు పెడితే మేమూ పసుపు కుంకుమ పెట్టకుండా కదలం. ఆ మాటే నర్సమ్మతో అంటే, "అయ్యుంటాది," అంది నీరసంగా.

సుశీలకి ఫోన్ చేశాను. "పసుపు కొన్ని సూక్ష్మజీవుల్ని చంపుతుందే. ఇది చస్తుందో లేదో, ఎంత వేస్తే చస్తుందో నేను చెప్పలేను. ఆ డ్రమ్ము కాయ విడిగా పెట్టండి. రెండోదాంట్లో ఏమీ పడకుండా చూడు," అంది. నర్సమ్మ పాత చీర చింపి, పసుపు నీళ్ళలో మునిగిన కాయ ఉన్న ట్రేలన్నిటికీ పేలికలు కట్టింది. రెండో డ్రమ్ము కాయకి ఏమీ కట్టలేదు. ఒక ట్రే మాత్రం అసలు ముంచకుండానే ఉంచమని సుశీల ముందే చెప్పింది, తేడా తెలియడానికి. అది నేనే రాయి పెట్టి పక్కనుంచాను. రెండో డ్రమ్ము అయ్యేదాకా దాని పక్కనే కాపలా నిలబడ్డాను, నా నీడ పడినా ఏమవుతుందోనన్నట్టు.

నరసన్నపేట

వ్యానులో ముందు సీట్లో ముగ్గురం కూర్చున్నాం. సన్నాసిరావు కళ్ళు రోడ్డు మీదే పెట్టి బండి తోలాడు. నేను మాత్రం శ్రీకాకుళం దాటేలోపు వెనక్కి ఎన్నిసార్లు తిరిగి చూశానో. వంశధార మీద వంతెన ఎక్కాక నర్సమ్మే అంది, "అప్పా, ఆటిని సూస్తే ఏటొస్తాది? మెడ నొప్పెట్టుద్ది." ఆమె చెప్పిన కాసేపటికే నా మెడ పట్టేసింది, నరసన్నపేటలో ఇంకో రెండు రోజులు దానితో తంటాలు పడ్డాను.

షావుకారు కూర్మారావు లావుపాటి మనిషి, నిదానస్తుడు. ఫ్యాన్ కింద కుర్చీ కదపకుండానే ట్రేలన్నీ లోపలికి పెట్టించాడు. పేలికలు చూశాడు గాని అడగలేదు.

"ఏ మందులో ముంచినారు?"

"మందు కాదు బాబూ, బేట్టీరియా," అంది నర్సమ్మ.

"పురుగులేసి తెచ్చినారా నా కొట్టుకి?"

"పురుగులు కావు బాబూ. మంచియే."

"పురుగులో మంచిదేటి?"

నేను ఉండబట్టలేక మధ్యలో దూరి, బూజు కంటే ముందు సీటు పట్టుకోవడం, బస్సు, కర్చీఫ్ కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరికి, "కర్చీపు తీసి అవతల పారేసి కూకునీవోల్లు నేరా అమ్మా?" అన్నాడు.

"సూడు నర్సమ్మా," అన్నాడు తర్వాత, ఈసారి నవ్వకుండా. "ఈపాలి కూడా మచ్చలొచ్చినాయంటే నాకొద్దు. బరంపురం బేరగాల్ల దగ్గర నా మొకం సూపించుకోనేకపోతన్నాను." నర్సమ్మ తలూపింది. కాయని వరిగడ్డిలో పొరలుగా వేసి మాగబెట్టారు. పండేదాకా ఎవరూ కదపకూడదు. వాళ్ళిద్దరూ తోటకి తిరిగెళ్ళారు, కోత ఇంకా మిగిలి ఉంది. నాకు తోటలో పనేం లేదు, గడ్డి తీసేదాకా నరసన్నపేటలోనే ఒక లాడ్జిలో ఆగాను.

శ్రీకూర్మం

పని లేకుండా ఆగడం నాకు జ్వరంతో సమానం. తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేసి "ఏమైంది?" అంటాడు. "గడ్డిలో ఉంది," అంటాను. "కూలీలకి ఏం చెప్పను?" అంటాడు. పెట్టేశాక ఇంకా చిరాకు.

అందుకని శ్రీకూర్మం వెళ్ళాను. స్వామి కూర్మావతారం, గుడికి రెండు ధ్వజస్తంభాలు, మండపం గోడల మీద వెలిసిన రంగుల బొమ్మలు. ఆవరణలో తాబేళ్ళున్నాయి, వీపు మీద పసుపుపచ్చ నక్షత్రాల గీతలు. ఆకుకూర కట్ట పదిరూపాయలకి అమ్ముతున్న ఒకావిడ దగ్గర కొన్నాను. ఒక తాబేలు ముందు ఆకు పెట్టి వంగి, జరిగి, చేత్తో ఇంకాస్త దగ్గరికి తోశాను. తల లోపలికి లాగేసుకుంది.

"అలగ ఊగితే తినదమ్మా. కదలకుండా కూకో," అంది ఆకులావిడ.

కూర్చున్నాను. అది తల బయటపెట్టేలోపు ఫోన్ మోగింది, తమ్ముడే. నేను లేచాను, అది మళ్ళీ లోపలికి పోయింది. ఆకులావిడ నా వైపు జాలిగా చూసి కట్ట నుంచి ఇంకో ఆకు తీసి తనే పెట్టింది. గుళ్ళో దణ్ణం పెట్టుకున్నప్పుడు నర్సమ్మ కాయ నిలవాలని మొక్కుకున్నాను. మా తమ్ముడి కాయ సంగతి బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే గుర్తొచ్చింది.

కళింగపట్నం

అక్కడి నుంచి సముద్రం దాకా పోయాను. ఒడ్డున ఇసక మీద వలలు పరిచి నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెడుతున్నారు. ఎర్రమ్మ అనే ఆవిడ వాటిని తిరగేస్తోంది. ఎండకి నిలబడలేక ఆమె పాక నీడలోకి వెళ్ళాను. ఏం పని మీద వచ్చావంటే అంతా చెప్పాను. ఆ రోజుల్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెబుతున్నాను.

"మాకు ఉప్పేస్తే సాలు," అంది. "కొత్త ఉప్పు, మంచి ఎండ. సేప కుళ్ళదు. పండుకి ఉప్పెయ్యలేరు గదా పాపం."

"అందుకే ఈ సూక్ష్మజీవులు."

"కంటికి కనపడనియా?"

"కనపడనివే."

"కనపడనిదాన్ని పెట్టి కనపడనిదాన్ని ఆపుతన్నారన్నమాట," అని కాసేపు ఆలోచించి, "మరి సచ్చిపోనాయో బతికున్నాయో ఎలగ తెలస్తాది?" అంది. కాయ పండి, గడ్డి తీస్తేనే తెలుస్తుందన్నాను. "అయితే మా మగోల్లు ఏటకెల్లినట్టే. ఒడ్డుకొచ్చీదాకా ఏటీ తెల్దు," అని మళ్ళీ చేపలు తిరగేయడానికి ఎండలోకి పోయింది. ఆమె మామూలుగా అన్నదే. నేను మాత్రం పాకలో కూర్చోలేక నీళ్ళ దాకా పోయి, చీర తడుపుకుని తిరిగొచ్చాను.

అరకిలో నెత్తళ్ళు కొన్నాను. మా ఇంట్లో ఎవరూ తినరు, ఎందుకు కొన్నానో తెలియదు. ప్లాస్టిక్ కవరు చిరిగి, శ్రీకాకుళం బస్సంతా ఆ వాసన. కండక్టర్ "ఎవరిదమ్మా ఆ సంచి?" అని మూడుసార్లు అరిచాడు. మొదటి రెండుసార్లు కిటికీలోంచి బయటికి చూశాను.

మళ్ళీ నరసన్నపేట

గడ్డి తీసే రోజున నర్సమ్మ నాకంటే ముందే వచ్చి గోడౌన్ గుమ్మంలో నిలబడి ఉంది. సన్నాసిరావు రాలేదు, "నాను సూడనేను, నువ్వే ఎల్లు," అన్నాడట. లోపల పండ్ల వాసన గుమ్మం దాకా వస్తోంది. మంచి వాసనే. దాన్లో కుళ్ళు వాసన ఉందో లేదో అని నేను ముక్కు ఎగబీలుస్తూ ఉన్నాను. నర్సమ్మ పీల్చలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందు ముంచని ట్రే తీశారు. పైన ఉన్న పండే ముచ్చిక దగ్గర నల్లగా దిగిపోయింది. కిందవి కూడా అంతే, ఒకదాని మచ్చ పక్కదానికి అంటుకుంది. కూర్మారావు పక్కకి పెట్టమని చేత్తో సైగ చేశాడు.

తర్వాత పేలిక లేని ట్రే. ఆయన ఒక్కొక్క పండూ తీసి తిప్పి చూశాడు. పసుపు రంగు తిరిగిన తొక్క, ఎర్రటి భుజం. మచ్చలు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు. ఇంకో ట్రే తీయించాడు. ఇంకొకటి. నాలుగో ట్రే దగ్గరికి వచ్చేసరికి ఆయనే కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఆ మనిషి లేవడం నేను చూసింది అప్పుడే.

పేలికలు కట్టినవి చివర. ముంచనివాటంత అధ్వానంగా లేవు. కానీ ప్రతి పొరలో మచ్చలున్నాయి. పసుపు చేసిందో, మరొకటేదైనా చేసిందో నాకు తెలియదు. సుశీలని అడిగితే తనకీ తెలియదంది, అందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

"ఇయి తాండ్రకి పంపు," అన్నాడు కూర్మారావు పేలికల ట్రేలు చూపించి. "ఈటిని బరంపురం ఎక్కిస్తాను. పై కోత కూడా నాకే తే. మందు అడగను, పురుగు అడగను, నువ్వేటి ఏస్తావో నాకనవసరం." గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. "పసుపు మాత్రం వద్దు." ఆయనకి ఎవరు చెప్పారో, పేలికల మీద రంగు చూసి పోల్చుకున్నాడో మరి.

నర్సమ్మ గడ్డి మీదే కూర్చుండిపోయింది. నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. నేను వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి, కోత ఆపమని, సుశీల దగ్గర సీసాలు తెచ్చేదాకా ఒక్క కాయ కూడా తెంపొద్దని చెప్పాను. వాడు ఏదో అడగబోతుంటే పెట్టేశాను.

అంతలో నర్సమ్మ ఫోన్ మోగింది. చేతులనిండా పండ్ల రసం, గడ్డి. నన్నే తీసి స్పీకర్లో పెట్టమంది. పోలమ్మ.

"ఏటే, తెరిసినారా?"

"తెరిసినాం అత్తా. షావుకారు తీసుకుంటన్నాడు. పై కోత కూడా తెమ్మన్నాడు." నర్సమ్మ నా వైపు చూసింది. అత్తని నొప్పించకుండా ఎలా చెప్పాలో వెతుక్కుంటోందని అర్థమైంది. "నీ డ్రమ్ములోయీ అంత సెడిపోనేదత్తా. గాని పై కోతకి పసుపు ఎయ్యొద్దని సుశీలమ్మ..."

"ఎయ్యన్లే. పండు సంగతి నానడిగినానేటి? సేతులెలగున్నాయి?"

"ఏటి?"

"నీ సేతులే. పసుపు నీల్లయితే మండవని ఏసినాను. మండినాయేటి?"

నర్సమ్మ రెండు చేతులూ తిప్పి చూసుకుంది, అరచేతులు, వేళ్ళ సందులు.

"నేదత్తా. మండనేదు."

"రెండో డ్రమ్ములో పసుపు నేదు గదే. అందులో ఎట్టినప్పుడూ మండనేదా?"

"అప్పుడూ మండనేదు."

అవతల చుట్ట ఒక దమ్ము లాగిన చప్పుడైంది.

"అయితే ఆ నీల్లు మంచియే," అని ఫోన్ పెట్టేసింది.